ఎక్స్ విలువ ఏడు

మా జిల్లాకి ఏ జబ్బయినా కాస్త ఆలస్యంగానే వస్తుంది. వస్తే మాత్రం పీకల దాకా వస్తుంది. ఆ ఏడాది వచ్చిన జబ్బు పేరు పెండింగ్ నిర్మూలన. ఏ ఆఫీసులోనూ ఏ పనీ పెండింగులో ఉండకూడదని పైనుంచి ఉత్తర్వు దిగింది. మంచి మాటే, ఎవరు కాదన్నారు? కానీ మంచి మాట మా వాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో కూడా చూడాలి. పెద్దాసుపత్రిలో ఐదో నెల గర్భిణికి, "నాలుగు నెలల పని ఇంకా పెండింగులో ఉన్నది, తగు సంజాయిషీ సమర్పించవలెను" అని చీటీ రాసిచ్చారు. ఆవిడ మొగుడు ఆ చీటీ పట్టుకుని ఎవరికి సంజాయిషీ చెప్పాలో తెలీక ఆసుపత్రంతా తిరిగాడు. ఉద్యానశాఖ తోటలో మామిడికాయలు ఇంకా పండలేదేమని అడిగితే, తోటమాలి సాయంత్రానికల్లా వాటికి పసుపు పూసి గండం గట్టెక్కాడు.

ఈ మహాయజ్ఞం జరిపించడానికి ఓ కొత్త కుర్చీ సృష్టించారు. జిల్లా పెండింగ్ నిర్మూలనాధికారి. అందులో కూర్చున్నవారు దండిభట్ల చిదంబరం గారు. ఆయన రాగానే జిల్లాలో ఉన్న ప్రతి ప్రభుత్వ గోడ మీదా ఒక నినాదం రాయించారు: "ప్రతి పౌరుడూ ఒక తనిఖీ అధికారే!" దాని అర్థమేమిటో ఎవరికీ తెలీదు. అడిగితే జవాబు పెండింగులో పడుతుందని ఎవరూ అడగలేదు.

ముళ్ళపాడు ప్రాథమికోన్నత పాఠశాల గోడ మీదా ఆ నినాదం పడింది. అదే బడిలో లెక్కల టీచరు పర్వతవర్ధని. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. పిల్లలకి ఆవిడంటే భయం, ఆవిడ రాని రోజు బెంగ.

ఏడో తరగతికి బీజగణితం మొదలెట్టే రోజంటే ఏటా ఆవిడకి గుండెల్లో దడే. "ఎక్స్ అంటే ఎంత టీచర్?" "ఎంతైనా కావచ్చురా." "అహ, ఎంతో చెప్పండి టీచర్, రాసుకుంటాం." ఇదీ వరస. ఆ ఏడాది విసుగొచ్చి సుద్దముక్క గిరాటేసి, క్లాసునంతా వంటశాల దగ్గరికి తోలుకుపోయింది.

అక్కడ వంటమనిషి మస్తానమ్మ బియ్యం కడుగుతోంది.

"ఇవాళ ఎంతమందికి వండుతున్నావు మస్తానమ్మా?" అంది టీచరు.

"ఎంతమందొస్తే అంతమందికి. అదేం ప్రశ్న టీచరమ్మా?"

"విన్నారా? ఆ వచ్చినవాళ్ళే ఎక్స్. నిన్న ఒక లెక్క, ఇవాళ ఒక లెక్క. సంతరోజైతే సగం మందే. మారుతుంది కాబట్టి చరరాశి. తలకి నూట యాభై గ్రాముల బియ్యం. ఆ నూట యాభై ఎక్స్ ముందు నిలబడుతుంది. అది గుణకం. ఇక ఆ గుండిగ చూడండి. పదిమందికి వండినా అడుగంటుంది, బడంతటికీ వండినా అడుగంటుంది. అడుగంటేదానికి రోజూ అరకిలో వేరే పోయాలి. ఎవరొచ్చినా రాకపోయినా ఆ అరకిలో మారదు. ఎక్స్ తోడు లేకుండా చివర్న ఒక్కటే ఉంటుంది. అది స్థిరరాశి."

అని, బొగ్గుముక్క తీసుకుని వంటశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది: బియ్యం = 150x + 500. దాని కింద: గుడ్లు = x.

సువార్త అనే పిల్ల, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనిది, గోడకేసి చూసి, "అయితే టీచర్, పొద్దున్నే తలలు లెక్కపెడితే ఎక్స్ దొరికిపోతుందన్నమాట. మర్నాటికి మళ్ళీ పారిపోతుంది," అంది. పర్వతవర్ధనికి ఆ పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. పదిహేనేళ్ళ సర్వీసులో ఎక్స్‌ని అంత బాగా చెప్పినవాళ్ళు లేరు, తనతో సహా.

అప్పట్నుంచీ అదొక ఆట అయింది. ప్రార్థన అవగానే సువార్త తలలు లెక్కపెట్టేది, క్లాసు బియ్యం లెక్క కట్టేది, హెడ్మాస్టరు వైకుంఠరావు గారు ఆ అంకె మండల గోడౌనుకి ఫోనులో చెప్పేవారు. ఆటోలో సరుకు దిగేది. బీజగణితం ఉడికి, పిల్లల కడుపుల్లో పడేది. అంతా సవ్యంగా ఉంది. ఉండనిస్తారా?

ఒక మధ్యాహ్నం చిదంబరం గారి కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వైకుంఠరావు గారు ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. కారు చూడగానే హాజరుపట్టీ చంకన పెట్టుకుని ఎదురు పరుగెత్తారు. చిదంబరం గారు నేరుగా ఏడో తరగతిలోకి నడిచి, నల్లబల్లకేసి వేలు చూపించారు. దానిమీద 3x + 4y అని ఉంది.

"ఏమమ్మా, ఈ లెక్క చేయకుండా ఎందుకు వదిలేశారు?"

"చేసేశాం సార్. అదే జవాబు," అంది పర్వతవర్ధని.

"జవాబులో ప్లస్ ఉంటుందా? ప్లస్ ఉన్నదంటే కూడవలసినది ఉన్నది. కూడవలసినది ఉన్నదంటే పెండింగు ఉన్నది. ఎన్నాళ్ళుగా ఉన్నది?"

"అవి విజాతి పదాలు సార్. కలవవు. మూడు గుడ్లూ నాలుగు గరిటెలూ ఉన్నాయనుకోండి. కూడితే ఏమవుతాయి?"

"ఏడు."

"ఏడు ఏమిటి సార్?"

చిదంబరం గారు క్షణం కూడా తడుముకోలేదు. "ఏడు ఐటమ్స్," అన్నారు.

పిల్లలు కిసుక్కుమన్నారు. పర్వతవర్ధని వాళ్ళని కళ్ళతోనే కూర్చోబెట్టింది.

ఆయన అక్కణ్ణుంచి వంటశాలకి వెళ్ళారు. గోడ చూశారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశారు.

"ఈ ఎక్స్ ఎంత?"

"రోజూ మారుతుంది సార్."

"మారడానికి ఎవరి అనుమతి ఉన్నది?"

ఆయన ఆగలేదు. "విలువ నిర్ధారణ కాని వ్యక్తి ప్రభుత్వ గోడపై బహిరంగముగా సంచరిస్తున్నాడు. పైగా ఈ గుడ్ల లెక్కలో ఎక్స్ ముందు గుణకమేదీ?"

"ఒకటి సార్. ఒకటైతే రాయం. ఉందని అందరికీ తెలుసు."

"ఉన్నది, కానీ చూపించలేదు. అనగా దాచారు. ఎన్ని సంవత్సరములుగా ఎన్ని ఒకట్లు దాచారో లెక్క తేలవలెను."

"ఒకటి రాయించేస్తాం సార్, ఇప్పుడే రాయించేస్తాం," అన్నారు వైకుంఠరావు గారు, బొగ్గుముక్క వెతుకుతూ. పర్వతవర్ధని మాత్రం నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వులాట అనుకుంది పాపం.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. వైకుంఠరావు గారు స్టాఫు గదిలో నిలబడి చదివారు. "విషయము: ఎక్స్ స్థిరీకరణ. పాఠశాలల యందు అనాదిగా పెండింగులో నున్న ఎక్స్ యొక్క విలువను ఏడుగా ఖరారు చేయడమైనది. ముళ్ళపాడు పాఠశాల యందు జరిగిన క్షేత్రస్థాయి కూడిక ఇందుకు ఆధారము. వై, ఎక్స్ కన్నా జూనియర్ అయినందున దాని విలువ ఆరు. ఇకపై ఎక్స్ మారినట్లు దృష్టికి వచ్చినచో సంబంధిత ఉపాధ్యాయులు క్రమశిక్షణ చర్యలకు బాధ్యులగుదురు. దాచిన ఒకట్లను పక్షము దినములలో వెలికితీయవలెను."

వెలికితీశారు. మూడు పాత బీరువాల్లోని పుస్తకాలు బయటికి లాగి, ప్రతి ఎక్స్ ముందూ ఒకటి రాశారు. పుస్తకంలో ఎక్స్ ప్లస్ ఐదు ఈజ్ ఈక్వల్ టు తొమ్మిది అని ఉంటే, ఉత్తర్వు ప్రకారం అది పన్నెండు కావాలి గనక తొమ్మిదిని కొట్టేశారు. జిల్లాలో చతురస్రాలన్నిటికీ భుజం ఏడయింది. ఎక్స్ ఏళ్ళ వయసున్న రాము తండ్రికి రాము కంటే రెండేళ్ళే ఎక్కువని ఒక లెక్కలో తేలితే, ఆ తండ్రి మీద విచారణ వేయవచ్చునా అని ఓ మండలంవారు వివరణ కోరారు.

పరీక్షలు మాత్రం బ్రహ్మాండంగా జరిగాయి. ఏం అడిగినా ఏడు. పాసు శాతం నూటికి నూరు. చిదంబరం గారికి పూలదండలు పడ్డాయి. పర్వతవర్ధని జవాబుపత్రాలు దిద్దుతూ, దిద్దుతూ, ఏడ్చింది. సువార్త కాగితం మీద కూడా అంతటా ఏడే. చివర్న మాత్రం చిన్న అక్షరాలతో "ఇది నిజం కాదని నాకు తెలుసు టీచర్" అని రాసి, మళ్ళీ కొట్టేసి ఉంది.

ఇంతవరకూ పాఠం. తరవాత అన్నం.

వంటశాల గోడ మీద ఉన్నదీ ఎక్సే కదా? ఒకరోజు ఆటో వచ్చి ఆగింది. మస్తానమ్మ బస్తా కోసం చూస్తే చిన్న సంచీ దిగింది. ఏడు తలలకి నూట యాభై చొప్పున, అడుగంటేదానికి అరకిలో. ఓ కాగితం పొట్లంలో ఏడు గుడ్లు.

"ఏందయ్యా ఇది? అరవైమంది పిల్లల నోట్లో మట్టి కొట్టమని ఎవడు చెప్పాడు?" అని మస్తానమ్మ ఆటోవాణ్ణి పట్టుకుని దులిపేసింది.

"నన్నంటావేంటి పిన్నీ? ఎక్స్ ఏడంట. గోడౌన్లో బోర్డు పెట్టారు," అని వాడు తప్పించుకుపోయాడు.

ఆ రోజు గంజి కాచి తలా ఇన్ని నీళ్ళు పోశారు. మర్నాడూ అంతే. మూడోనాడు పర్వతవర్ధని ఇంట్లో బియ్యం తెచ్చింది. ఎన్నాళ్ళు తెస్తుంది? వైకుంఠరావు గారు ఫోనులో రోజూ అరవై అని చెబుతూనే ఉన్నారు. అవతలి గొంతు రోజూ, "మీ ఎక్స్ ఖరారైపోయింది కదండీ, మళ్ళీ ఈ అంకెలెందుకు?" అంటూనే ఉంది.

పిల్లలు మధ్యాహ్నం ఇళ్ళకి పోవడం మొదలెట్టారు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. కొందరు తల్లుల వెంట మిరప కోతలకి వెళ్ళారు. పిల్లని కోతకి తీసుకెళితే కూలికి కూలి, అక్కడ ఇంత ముద్ద. సువార్త కూడా రావడం మానేసింది. ఇక పొద్దున్నే తలలు లెక్కపెట్టేవాళ్ళే లేరు. పర్వతవర్ధని ఖాళీ బెంచీలకేసి చూసి, చాకుపీసు డబ్బా గోడకేసి కొట్టి, సెలవు చీటీ పడేసి జిల్లా ఆఫీసుకి బయల్దేరింది.

చిదంబరం గారు ఆవిణ్ణి ఆదరంగా కూర్చోబెట్టారు. పూలదండలు పడ్డాక మనిషి మెత్తబడ్డాడు.

"సార్, మా బళ్ళో పిల్లలు తగ్గిపోతున్నారు. అరవై నుంచి ముప్ఫైకి వచ్చాం. మొన్న ఇరవై. ఇవాళ పదిహేనుమంది కూడా లేరు. అన్నం లేదు సార్!"

చిదంబరం గారు కళ్ళు మూసుకుని, తెరిచి, పరవశంగా నవ్వారు. "గమనించారా అమ్మా? మనము విలువను ప్రకటించగానే ఎక్స్ తనంతట తానే ఆ విలువను సమీపించుచున్నది! ఇంతకన్నా రుజువేమి కావలెను?"

"సార్, వాళ్ళు పిల్లలు! ఆకలికి పోతున్నారు!"

"ఏడుకు చేరిన వెంటనే తెలియజేయండి. ఏడుగురికి ప్రత్యేకముగా బడి దేనికి? పక్క ఊరి పాఠశాలలో విలీనము చేసెదము. అది కూడా పెండింగులో లేకుండా పోవును."

పక్క ఊరంటే వాగు దాటి పోవాలి. ఆడపిల్లల్ని ఒక్కరినీ పంపరు. అంటే సువార్త ఇక ఎప్పటికీ మిరప చేలోనే. పర్వతవర్ధని ఏదో అనబోయింది. ఆ పెద్ద గొంతు లేవలేదు. మొట్టమొదటిసారి.

"అన్నట్టు, ఎక్స్ స్థిరీకరణ విజయోత్సవము మీ పాఠశాలలోనే నిర్వహించదలచాము," అన్నారాయన. "కూడిక పుట్టిన చోటు కదా! అతిథులు వచ్చెదరు. భోజన ఏర్పాట్లు చూడండి."

విజయోత్సవం రోజున షామియానా వేశారు. రేకుతో చేసిన పెద్ద ఏడు అంకెకి పూలదండ వేశారు. అతిథులు అలా ఇలా కాదు, కార్లు కార్లుగా దిగారు. శాఖలన్నీ వచ్చాయి. గర్భిణికి చీటీ రాసిన డాక్టరు గారు కూడా వచ్చారు. అన్నం పెడతారని కబురు తెలిసి పిల్లలూ వచ్చారు. కోతలకి పోయినవాళ్ళూ మానుకుని వచ్చారు. సువార్త వెనక వరసలో నిలబడింది, చేతులకి మిరపకాయల మంట ఇంకా పోక ఊదుకుంటోంది.

ఉపన్యాసాలు ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగాయి. తరవాత అందరూ బంతులకి కూర్చున్నారు. మస్తానమ్మ ఒక చిన్న గిన్నె పట్టుకొచ్చి, మొదటి ఏడు విస్తళ్ళలో వడ్డించి, గిన్నె బోర్లించి చూపించింది.

ఎనిమిదో విస్తరి చిదంబరం గారిది. చిదంబరం గారు విస్తరికేసి చూశారు. మస్తానమ్మకేసి చూశారు.

"ఏమిటిది? మిగతా భోజనం ఏదీ?"

"అంతే సారూ. ఎక్స్ ఏడు," అంది మస్తానమ్మ, నడుం మీద చెయ్యేసుకుని.

"బుద్ధి ఉన్నదా మీకు?" చిదంబరం గారు లేచి నిలబడ్డారు. ఆకలికి ఆయన ఆఫీసు భాష ఎగిరిపోయింది. "వచ్చేవాళ్ళెంతమందో ముందే ఎవడికి తెలుస్తుందయ్యా? ఒకరోజు పదిమందొస్తారు, ఒకరోజు వందమందొస్తారు! వచ్చినవాళ్ళని లెక్కపెట్టుకుని, తలకింత అని వండాలి గానీ, ఏడంటే ఏడేనా?"

వెనక వరసలోంచి సువార్త గొంతు సన్నగా, స్పష్టంగా వచ్చింది.

"అదే సార్ ఎక్స్ అంటే. మా టీచరు అప్పుడే చెప్పింది."

పర్వతవర్ధనికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. చిదంబరం గారు ఆ పిల్లకేసి చాలాసేపు చూశారు. మొహంలో ఏదో కదిలింది. అర్థమైంది, ఈ మనిషికి అర్థమైంది, అనుకుంది టీచరు.

అర్థమైంది కూడా. రెండు రోజుల్లో సవరణ ఉత్తర్వు దిగింది. వైకుంఠరావు గారు ఈసారి ఆనందంగా మొదలెట్టి, నీరసంగా ముగించారు. "విజయోత్సవము నందు ఎదురైన అనుభవము దృష్ట్యా, తనిఖీ నిమిత్తము విచ్చేయు అధికారుల విషయమున ఎక్స్ చరరాశిగా పరిగణింపబడును. ఎందరు విచ్చేసినను అందరికీ భోజనము సరఫరా చేయవలెను. విద్యార్థుల విషయమున ఎక్స్ విలువ యథాతథముగా ఏడు."

పర్వతవర్ధని స్టాఫు గది కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా బడి గోడ. గోడ మీద చిదంబరం గారు స్వయంగా రాయించిన అక్షరాలు. ఒకసారి చదివింది. రెండోసారి పైకే చదివింది. మూడోసారి పడీ పడీ నవ్వింది. వైకుంఠరావు గారు కంగారుపడి మంచినీళ్ళు తెప్పించారు.

"సార్, ప్రతి పౌరుడూ తనిఖీ అధికారే అని రాసింది ఎవరు?"

"వారే కదమ్మా."

"మన పిల్లలు పౌరులా, కాదా?"

వైకుంఠరావు గారికి మెల్లిగా వెలిగింది. "నా పెన్షనమ్మా!" అన్నారు. తరవాత ఖాళీ బెంచీలు చూశారు. ఆయనకీ ఇద్దరు మనవలున్నారు. ఫోను తీసి, గొంతు సవరించుకుని, "హలో, గోడౌనా? ముళ్ళపాడు బడి. రేపు మాకు తనిఖీ అధికారులు వస్తున్నారు. చాలామంది," అన్నారు.

ఆ సాయంత్రం పర్వతవర్ధని మిరప చేల గట్ల వెంబడి తిరిగి, తల్లులకి నచ్చజెప్పింది. నచ్చనివాళ్ళని తిట్టింది కూడా. మర్నాడు అధికారులు వచ్చారు. జేబుల్లో పెన్నులు, కొందరి ముక్కుల మీద తాతల కళ్ళజోళ్ళు, ఒకడి చంకలో ఖాళీ ఫైలు. బస్తాతో ఆటో వచ్చింది. అధికారులు అన్నాన్ని తనిఖీ చేశారు, పప్పుని తనిఖీ చేశారు, గుడ్డుని క్షుణ్ణంగా తనిఖీ చేశారు. "ఉప్పు పెండింగులో ఉన్నది," అని ఒకడు మస్తానమ్మకి మౌఖిక ఆదేశం ఇచ్చాడు. మస్తానమ్మ వాడి నెత్తిన గరిటెతో ఒక్కటిచ్చి ఉప్పు వేసింది.

ఒక్కటే చిక్కు. ఉత్తర్వు ప్రకారం బడిలో విద్యార్థులు ఏడుగురు ఉండి తీరాలి. అందుకని రోజుకి ఏడుగురు చొప్పున వంతులు వేసుకున్నారు. ఆ వంతు వచ్చిన రోజు మొహాలు ఇంతలేసి చేసుకుని మూల కూర్చునేవాళ్ళు. అన్నం వాళ్ళకీ అంతే పెట్టేవాళ్ళు, హోదాయే ఉండేది కాదు.

నెల తిరిగేసరికి జిల్లాలోకెల్లా అత్యధికంగా తనిఖీలు జరిగిన పాఠశాలగా ముళ్ళపాడుకి మొదటి స్థానం వచ్చింది. విలీనం సంగతి తేల్చుకుందామని చిదంబరం గారు స్వయంగా వచ్చారు. మధ్యాహ్నం వేళ. వరండాలో బంతులు సాగుతున్నాయి.

"విద్యార్థులెందరు?"

"ఏడుగురు సార్," అంది పర్వతవర్ధని.

"సరిగ్గా ఏడు! భేష్. మరి ఈ తనిఖీ బృందము?"

"రోజూ మారుతుంది సార్."

చిదంబరం గారు పెన్నులు పెట్టుకున్న ఆ బంతులన్నీ చూశారు. గోడ మీద తన నినాదం చూసుకున్నారు. తృప్తిగా తల పంకించారు. "మారవలెను మరి," అన్నారు. "ఇన్ని తనిఖీలు జరుగుచున్న పాఠశాలను విలీనము చేయుట ఎట్లు? కొనసాగనివ్వండి."

ఆయన కూడా భోజనానికి కూర్చున్నారు. బంతుల్లో చోటు లేక చిట్టచివర, ఒక్కరే, ముందూ పక్కనా ఎవరూ లేకుండా. అప్పటికి గుండిగ ఖాళీ అయింది. మస్తానమ్మ అడుగున గీకి, మిగిలిందేదో తెచ్చి ఆయన విస్తట్లో వేసింది. నల్లగా మాడిన అన్నం.

సువార్త మాత్రం ముద్ద ఆపి ఆయనకేసే చూస్తోంది. ఆ పిల్ల బుర్రలో లెక్కలు మళ్ళీ మొదలయ్యాయి. టీచరు కొంగు పట్టి లాగింది.

"టీచర్, ఎవరొచ్చినా రాకపోయినా మారనిది, చివర్న ఒక్కటే ఉంటుందన్నారు చూడండి..."

"తెలుసులేవే," అంది పర్వతవర్ధని, నవ్వు పెదాల మీదే నొక్కిపెట్టి. "అన్నం తిను."